నవాబుగారి కొడుక్కి ఉస్తాద్ వీపు చూపించారట!

ఒకానొక రాజ్యంలో అనగానే పెద్ద సామ్రాజ్యాన్ని ఊహించుకోకండి. నూర్‌గఢ్ చాలా చిన్నది. పొద్దున గుర్రమెక్కి బయలుదేరితే మధ్యాహ్నం భోజనాల వేళకు పొరుగు రాజ్యంలో తేలతాం. దాన్ని ఏలే నవాబు ఖుద్రతుల్లా ఖాన్ గారికి మాత్రం లోకంలోని పాదుషాలంతా తనకన్నా ఒక మెట్టు కిందే ఉన్నారని గట్టి నమ్మకం.

ఆయన దర్బారులో ఎవరూ ఆయనకు వీపు చూపకూడదు. సెలవు తీసుకున్నవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి పోవాలి. ఇలా పోతూ ఎందరు లావుపాటి జమీందార్లు తాంబూలం ఉమ్మే తమ్మపడిగ మీద పడ్డారో చెప్పలేం. నవాబుగారికి ఫర్మానాలన్నా మహా సరదా. ప్రతి ఫర్మానా చివర "ఎంతటివారైనా సరే, ఎక్కడైనా సరే, మినహాయింపు లేదు" అని రాయించకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆయనకు లేకలేక పుట్టిన కొడుకు ముజఫర్. గారాబం ఎంతంటే, పిల్లవాడు తుమ్మితే హకీములు పరుగెత్తుకొచ్చేవారు. పెద్ద మసీదు గోడకు ఆనుకుని ఉన్న మదరసాలో చదువుతున్నాడు. అక్కడి ఉస్తాద్ హఫీజుద్దీన్ సాహెబ్. ఊళ్ళో పిల్లలకు అక్షరాలు దిద్దించేదీ, ఖురాన్ చదివించేదీ ఆయనే. మసీదులో శుక్రవారం ఖుత్బా అనే ప్రసంగం చేసేదీ, ముందు నిలబడి నమాజు చేయించేదీ ఆయనే. ఆయన లోపలికి రాగానే పిల్లలంతా లేచి సలాం చెయ్యడం ఆ మదరసా ఆనవాయితీ.

ముజఫర్ లేచేవాడు కాదు. దిండుకు చేరగిలబడి ద్రాక్షపళ్ళు తింటూ ఉండేవాడు. ఒకరోజు ఉస్తాద్, "లేచి సలాం చెప్పు, బాబా. నాకోసం కాదు, నేర్చుకోబోయే చదువు కోసం," అన్నారు.

పిల్లవాడు గింజ ఉమ్మేసి, "మా అబ్బాజాన్ జీతం ఇస్తే బతికేవాడివి. నువ్వే నాకు సలాం చెయ్యి," అన్నాడు.

ఉస్తాద్ అటు తిరిగి, నేతగాడి కొడుకు చదువుతున్న పాఠం వినసాగారు. అదీ ఆయన చేసిన నేరం. ముజఫర్ ముక్కు చీదుకుంటూ మహలుకు పోయి, "ఉస్తాద్ నాకు వీపు చూపించాడు," అని ఏడ్చాడు.

నవాబుగారు మండిపడ్డారు. మరుసటి రోజే ఊరంతా దండోరా వేశారు. నూర్‌గఢ్‌లో ఎవరూ చిన్న హుజూర్‌కు వీపు చూపరాదు, తప్పు ఎత్తి చూపరాదు. ఎంతటివారైనా సరే, ఎక్కడైనా సరే, మినహాయింపు లేదు. ఉస్తాద్ శుక్రవారం నమాజు అయ్యాక అందరి ఎదుటా చిన్న హుజూర్‌కు క్షమాపణ చెప్పాలి, లేదా ఊరు విడిచిపోవాలి.

దండోరా పెద్దలకన్నా పిల్లలకు బాగా వినబడింది. నవాబుగారి అబ్బాయి లేవనప్పుడు మాకేం పట్టింది అని మిగతావాళ్ళూ లేవడం మానేశారు. ఆఖరికి ఆ నేతగాడి కొడుకు కూడా కూర్చునే సలాం చేశాడు. ఉస్తాద్ మనసు విరిగిపోయింది. ఇంటికి పోయి పక్కబట్టలు చుట్టడం మొదలుపెట్టారు.

విషయం తెలిసి బుర్హాన్ మియా పరుగున వచ్చాడు. నవాబుగారికి ఊసుపోనప్పుడు కబుర్లు చెప్పి నవ్వించడం అతని కొలువు. చిన్నప్పుడు ఈ ఉస్తాద్ దగ్గరే చదువుకున్నాడు.

"ఒక్క క్షమాపణే కదా ఉస్తాద్, చెప్పేస్తే పోదూ?" అన్నాడు, ఆయన మనసు తెలుసుకుందామని.

"తప్పు చేసి ఉంటే పసివాడి కాళ్ళయినా పట్టుకుందును. చెయ్యని తప్పుకు తలొంచితే, చదువంటే జీతమిచ్చి కొనుక్కునే సరుకని ఈ పిల్లలంతా అనుకుంటారు. ఆ తర్వాత వీళ్ళకు ఎవరు మాత్రం ఏం నేర్పగలరు?" అంటూ ముసలాయన మూటకు తాడు బిగించబోయారు.

బుర్హాన్ ఆయన చేతిలోని తాడు లాక్కున్నాడు. "శుక్రవారం దాకా మూట కట్టకండి. ఖుత్బా చెప్పాక మీ చోటికి పోకుండా వచ్చి నా పక్కన వరసలో నిలబడండి, చాలు."

"నమాజుతో పరాచికాలా, బుర్హాన్?"

"తౌబా! నా పరాచికాలన్నీ ఫర్మానాతోనే. నమాజు వేళకు జరుగుతుంది, పూచీ నాది."

శుక్రవారం వచ్చింది. మసీదు కిటకిటలాడింది. నవాబుగారు కొడుకును వెంటబెట్టుకుని మొదటి వరసలో నిలబడ్డారు. ఉస్తాద్ ఖుత్బా ముగించి, దిగి వచ్చి, బుర్హాన్ పక్కన నిలుచున్నారు. ముందు చోటు ఖాళీగా ఉంది.

"ఏమిటీ ఆలస్యం? ముందు ఎవరూ లేరేం?" అన్నారు నవాబుగారు.

బుర్హాన్ చేతులు కట్టుకున్నాడు. "ముందు నిలబడితే వీపు వెనక వరసకే కదా హుజూర్! ఆ వరసలో చిన్న హుజూర్ ఉన్నారు. ఫర్మానా మీరాలంటే భయంగా ఉంది."

"అయితే ఆయన్ని మా వైపు తిరిగి నిలబడమను!"

"మక్కా వైపున్న ఖిబ్లాకు వీపు పెట్టి నమాజా? తౌబా, తౌబా!" అని వెనక వరసల్లో గగ్గోలు లేచింది. నవాబుగారు నాలిక కరుచుకున్నారు.

"ఆయన కాకపోతే మరొకరు. ఎవరో ఒకరు రండి!"

ఎవరూ కదల్లేదు. ఎవరికి మాత్రం వీపు లేదు?

"సరే, మేమే చేయిస్తాం," అని నవాబుగారు అడుగు ముందుకు వేశారు.

"'ఎంతటివారైనా సరే' అని తమరే సెలవిచ్చారు. ఈ ఊళ్ళో హుజూర్‌ను మించి ఎంతటివారు ఉన్నారు?" అన్నాడు బుర్హాన్ వినయంగా.

వేసిన అడుగు వెనక్కి వచ్చింది. నవాబుగారి నుదుట చెమట పోసింది. "అయితే మా ముజఫరే ముందు నిలబడతాడు! వాడికి ఎవరూ వీపు చూపించక్కర్లేదు."

"భేషుగ్గా ఉంటుంది హుజూర్. కాకపోతే చదవాల్సిన ఖురాన్ సూరాలు చిన్న హుజూర్‌కు ఇంకా రావు. ఉస్తాద్ నేర్పబోతుంటే మధ్యలో ఫర్మానా వచ్చిపడింది."

ముజఫర్ తల వాలిపోయింది. ఊరంతా తనవైపే చూస్తుంటే వాడికి మొదటిసారి సిగ్గేసింది.

"రద్దు!" అన్నారు నవాబుగారు. "ఆ ఫర్మానా రద్దు. ఉస్తాద్ వెనక నిలబడటానికి నాకే లేని నామోషీ వీడికెందుకు?"

"హుజూర్‌కు ఎందుకు లేదో సెలవిస్తారా?"

"ఇందులో అడగడానికేముంది? ఆయనకు తెలిసినంత నాకు తెలీదు. అందుకని."

ఆ మాట అనేశాక నవాబుగారు ఆగిపోయారు. బుర్హాన్ గొంతు తగ్గించాడు.

"గోడకు అటుపక్క మదరసాలో ఉన్నదీ ఈయనే హుజూర్, ఆ చదువే. ఇక్కడ ఆయన వెనక నవాబుగారు నిలబడుతుంటే, అక్కడ ఆయన రాగానే పిల్లవాడు లేస్తే చిన్నతనమా?"

నవాబుగారు ఉస్తాద్ వైపు తిరిగి, చెయ్యెత్తి ముందు చోటు చూపించారు. ఉస్తాద్ వెళ్ళి నిలబడ్డారు. ఆయన వెనక నవాబు, నవాబు పక్కన కొడుకు, ఆ పక్కన నేతగాడు నిలబడ్డారు. నమాజు వేళకే జరిగింది.

మసీదులో బిగబట్టుకున్న నవ్వు నవాబుగారికి వాకిట్లోకి రాగానే తన్నుకొచ్చింది. "నా తాడుతోనే నన్ను కట్టేశావు కదరా, బుర్హాన్!" అంటూ మెడలోని ముత్యాల హారం తీశారు. బుర్హాన్ ఏమాత్రం మొహమాటపడకుండా మెడ వంచాడు.

ఉస్తాద్ బయటికి వచ్చి చెప్పుల కోసం చూస్తున్నారు. అంతలో ముజఫర్ వచ్చి, వంగి, ఆయన చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక చెప్పులు ముట్టుకున్నవాడు కాడు, కుడిది ఎడమకు, ఎడమది కుడికి పెట్టాడు. జనం ఊపిరి బిగబట్టారు.

"అది ఎడమ కాలిది, బాబా," అన్నారు ఉస్తాద్ మెల్లగా.

పిల్లవాడు చెప్పులు మార్చి పెట్టి, నిలబడి చెయ్యెత్తాడు. "అస్సలాము అలైకుం, ఉస్తాద్."

"వ అలైకుం సలాం. రేపు పెందలాడే రా. ద్రాక్షపళ్ళు తేకు."

నవాబుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. బుర్హాన్‌ను పక్కకు లాగి, "రేపు మదరసాలో వెనక ఒక మూల నేనూ కూర్చోవచ్చునా?" అని గుసగుసగా అడిగారు.

"నిక్షేపంగా రండి హుజూర్. కాకపోతే ఉస్తాద్ రాగానే లేచి నిలబడాలి."

నవాబుగారు పగలబడి నవ్వి, "ఎంతటివారైనా సరేనా?" అన్నారు.