గుడ్డపీలిక కట్టిన లాంతరు

ఖాదర్ చేసిన లాంతరు చూస్తే చందమామకే కుళ్లు పుట్టేది. దాని కింది పట్టీ నిండా మల్లెమొగ్గల్లాంటి గాలి చిల్లులు! అయినా రేవులో పడవవాళ్లు దీపం ఆరిపోతోందంటూ ఆ లాంతర్లని మోసుకొచ్చేవాళ్లు. ప్రతి లాంతరుకీ ఆ చిల్లుల చుట్టూ ఓ గుడ్డపీలిక.

"ఇంత అందాన్ని మసిగుడ్డతో కప్పుతారా! మొరటు మనుషులు!" అని ఖాదర్ పీలికలు కోసేసి, లాంతర్లు తళతళా తోమి తిరిగిచ్చేవాడు. దుకాణం వెనక పీలికల గుట్ట కొండంత పెరిగింది. మేకలు దానిమీదికెక్కి పక్క ఊళ్లు చూసేవి.

ఓనాడు పడవల పెద్ద నూకయ్య పీలిక కట్టిన లాంతరొకటి పట్టుకుని, ఖాదర్ గురువు దగ్గరికి ఉరుముకుంటూ వచ్చాడు.

"సాయిబూ! నీ శిష్యుడు తోమిచ్చిన దీపాలు ఆరిపోయి నిన్న రెండు పడవలు గుద్దుకోబోయాయి. ఇంకొక్కసారి ఆరిందా, లాంతర్లన్నీ సముద్రంలో పారేసి కాగడాలు పట్టుకుంటాం."

ఖాదర్ మొహం కందగడ్డయింది. "బాబా, నా పనిలో లోపమేంటో చెప్పండి!"

అతనికి రేకుపని నేర్పే ఫకీరు మహబూబ్ షా లేచాడు. తోమిన లాంతరొకటి, నూకయ్య తెచ్చిన పీలిక లాంతరొకటి వెలిగించి, రెండు చేతులా పట్టుకుని ఒడ్డుకి నడిచాడు.

ఏనుగు చెవులు ఊడబెరికే గాలి. తళతళలాడేది తుమ్మేలోగా ఆరిపోయింది. పీలిక కట్టింది పెళ్లికొడుకులా నిలబడి వెలిగింది.

ఖాదర్ ఆ పీలికని వేళ్లతో తడిమాడు. నూకయ్యవైపు తిరిగాడు. "పీలిక సంగతి నాకెందుకు చెప్పలేదు మామా?"

"నోరు తెరిచేలోగా కత్తి తీస్తావు కదరా!"

ఖాదర్ తిండి మానేసి పనికి కూర్చున్నాడు. ప్రతి లాంతరుకీ పీలిక కట్టినచోటే, చిల్లుల చుట్టూ రేకుతో చిన్న గోడ కట్టాడు. గాలి ఇక కింద నుంచి మెల్లగా దూరాల్సిందే.

తర్వాతొచ్చిన గాలివాన ఊళ్లో పెంకులన్నీ పక్క జిల్లాకి పంపించింది. పడవలు మాత్రం ఒక్కటీ తప్పకుండా, ఒక్క దీపమూ ఆరకుండా రేవు చేరాయి. నూకయ్య ఖాదర్ని భుజాలకెత్తుకుని ఊరేగించాడు. ఆ కేకలకి సముద్రమే కాసేపు నోరు మూసుకుంది.

మర్నాడు ఓ ముసలి పడవవాడు బెదురుతూ దుకాణానికొచ్చాడు. అతని కొత్త లాంతరు పిడికి కొబ్బరితాడు చుట్టి ఉంది.

"కోప్పడకు నాయనా, ఇప్పుడే విప్పేస్తా..."

"విప్పకు, విప్పకు!" ఖాదర్ పరుగున వెళ్లి చాప పరిచాడు. "కూర్చో తాతా. తాడు ఎందుకు చుట్టావో మొదట్నించీ చెప్పు."

మహబూబ్ షా తన సుత్తి తెచ్చి ఖాదర్ ఒళ్లో పెట్టాడు. తలపాగా విప్పి మొహాన కప్పుకుని, గోడవారగా నడుం వాల్చాడు.

"ఇంక నన్ను లేపకండి."