చదవని వ్యాసం

సువర్ణ టీచరు పన్నెండు నిబంధనలు రాసింది. పదమూడోది ఎలా రాయాలో తెలియక ఆదివారం పొద్దున బస్సెక్కి గురువు దగ్గరికి బయల్దేరింది.

ఆ పన్నెండూ బడిపిల్లలు ఏఐని ఎంతవరకు వాడుకోవచ్చో చెప్పే నిబంధనలు. లెక్కకు దారి అడగొచ్చు, జవాబు అడగకూడదు. తెలియని మాటకు అర్థం అడగొచ్చు, వ్యాసం అడగకూడదు. అడిగితే అడిగానని కాగితం మీద ఒప్పుకోవాలి. ఇలా సాగుతాయి. పదిహేడేళ్లుగా తెలుగు చెబుతున్న మనిషి కాబట్టి వాక్యాలు ముచ్చటగా కుదిరాయి. హెడ్మాస్టరు రెండుసార్లు చదివి, "మండలంల బడులన్నిటికీ ఇవే పంపుదాం టీచర్, కింద మీ పేరు పెడదాం," అన్నాడు. సువర్ణ వద్దనలేదు. పొగడ్త చేదని ఉమ్మేసినవాళ్లను ఎవరం చూశాం?

కొంప ముంచింది ఏడో నిబంధన. అనుమానం వచ్చిన వ్యాసాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఒక యాప్‌కు చూపించాలి. రాసింది మనిషో యంత్రమో అదే తేలుస్తుంది. ఈ నిబంధన రాసినప్పుడు సువర్ణ తనను తాను బాగా మెచ్చుకుంది.

తొమ్మిదో తరగతిలో సౌజన్య అనే పిల్ల ఉండేది. వెనక బెంచీలో కూర్చుంటుంది, పిలిస్తే తప్ప తలెత్తదు. "మా ఇంట్లో ఒక పాత వస్తువు" అని వ్యాసం రాసుకురమ్మంటే రెండు పేజీలు నింపుకొచ్చింది. సువర్ణ పైన ఒకటి రెండు వాక్యాలు చూసింది. ఎప్పుడూ నాలుగు వాక్యాలు దాటని పిల్ల ఇంత శుభ్రంగా ఎలా రాసిందని అనుమానపడింది. బల్ల మీద ఇంకా నూట ముప్పై వ్యాసాలున్నాయి. ఫొటో తీసింది. నూటికి తొంభై రెండు పాళ్లు యంత్రమే రాసిందని యాప్ చెప్పింది. సువర్ణ ఆ తీర్పునే ఎర్ర పెన్నుతో కాగితం మీదికి దింపి, సున్నా చుట్టి, తరగతిలో అందరి ముందూ పిల్ల చేతికిచ్చింది.

"నేనే రాసిన టీచర్," అంది సౌజన్య.

"మరి మిషన్ అబద్ధం చెప్తదా?"

తరగతంతా నవ్వింది. పిల్ల కాగితాన్ని టీచరు బల్ల మీదే వదిలేసి వెళ్లి కూర్చుంది. మర్నాటి నుంచి బడికి రాలేదు.

పదకొండో రోజున తల్లి వచ్చి టీసీ అడిగింది. మహారాష్ట్రలోని భీవండిలో తమ్ముడున్నాడట, అక్కడ బట్టల కార్ఖానాలో తల్లీబిడ్డలిద్దరికీ పని దొరుకుతుందట. తెలివైన పిల్ల, చదువు మాన్పించొద్దని సువర్ణ బతిమాలింది.

"నేనేడ మాన్పిస్తున్న టీచరమ్మా. అదే రానంటంది. మా ఇంటి సంగతి రాసుకపోతే నీది కాదన్నరట గద," అంది ఆ తల్లి. కోపంగా కూడా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పి, టీసీ తీసుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి వారం సైన్స్ సారు సరదాకు తన లీవు లెటరు ఫొటో తీసి అదే యాప్‌కు చూపించాడు. అమ్మకు ఒంట్లో బాగాలేదని, ఇరవై ఏళ్లుగా తేదీ మాత్రం మార్చి ఇస్తున్న లెటరది. వాళ్లమ్మ పోయి కూడా ఆరేళ్లయింది. తొంభై ఆరు పాళ్లు యంత్రమే రాసిందని యాప్ తేల్చింది. స్టాఫ్‌రూమంతా పడీపడీ నవ్వింది. సువర్ణ బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ సాయంత్రమే సౌజన్య వాళ్లుండే కిరాయి గదికి పరుగెత్తింది. తాళం వేసి ఉంది. రెండు రోజులైంది పోయి, అంది ఇల్లుగలామె. బడి రిజిస్టరులో ఉన్న ఫోన్ నంబరు ఎప్పుడు చేసినా స్విచాఫ్. భీవండిలో ఎక్కడ అంటే ఇల్లుగలామెకు తెలియదు. అక్కడ మనవాళ్లే వేల మంది ఉంటారు కద టీచర్, అంది.

అప్పటినుంచి సువర్ణకు అన్నం సహించడం లేదు. తరగతిలో సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగితే మళ్లీ పిల్లల వైపు తిరగాలంటే భయం. తనిక టీచరుగా పనికిరాదనిపించింది. అయినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పదమూడో నిబంధన రాయబోయింది. నిజంగా రాసిన పిల్లలు నింద మోయకుండా ఏం చెయ్యాలన్నది ఆ నిబంధన. రాసింది, కొట్టేసింది. మళ్లీ రాసింది, మళ్లీ కొట్టేసింది. సోమవారం హెడ్మాస్టరుకు కాగితం ఇవ్వాలి.

గురువు పేరు నరహరిదాసు. ఎనభై దాటిన మనిషి. అమావాస్య అమావాస్యకూ తన ఇంటి వసారాలో శిష్యులను కూర్చోబెట్టుకుని తత్వాలు పాడతాడు. మిగతా రోజుల్లో ఆ వీధిలోని సాంచాల మీద పడుగు పోగులు అతుకుతాడు. సాంచె అంటే కరెంటు మగ్గం. దాని మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, ఆ కొసలకు కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటీ కలిపి మెలిపెట్టాలి. వేల పోగులు. ఆయనకు చూపు పోయి ఆరేళ్లయింది. కండ్లు పోయినా వేళ్లు పోలేదంటాడు. సువర్ణ తండ్రికి ఆయనే గురువు. తండ్రి పోయాక సువర్ణ కూడా ఆయన దగ్గరే ఉపదేశం తీసుకుంది.

ఆదివారం కాబట్టి ఆ వీధి కార్ఖానాలో సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. నరహరిదాసు ఒక సాంచె వెనక పీట వేసుకుని పోగులు అతుకుతున్నాడు.

"ఎవలు?"

"నేనయ్యా, సువర్ణను."

"అమాస ఇంకా వారం ఉన్నది గద బిడ్డా."

సువర్ణ కింద కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఎక్కడా తనను వెనకేసుకు రాలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. తర్వాత సంచిలోంచి నిబంధనల కాగితం తీసి పన్నెండూ చదివి వినిపించింది. ముసలాయన వేళ్లు పోగు మీద పోగు కలుపుతూనే ఉన్నాయి.

"మంచిగనే ఉన్నయి," అన్నాడు.

"పదమూడోది మీరు చెప్పుండ్రి అయ్యా. ఇంకే పిల్లకూ గిట్ల గావద్దు. ఏం రాయాలె?"

నరహరిదాసు ఇంకో రెండు కొసలు మెలిపెట్టాడు.

"ఆ పిల్ల ఏం రాసింది?"

"వ్యాసం అయ్యా. ఇంట్ల పాత వస్తువు మీద."

"ఏం వస్తువు?"

"రోలు."

"రోలు గురించి ఏమన్నది?"

సువర్ణ ఆలోచించింది. తొంభై రెండు అన్న అంకె గుర్తుకొచ్చింది. ఆ పిల్ల అక్షరాలు గుండ్రంగా ఉంటాయని గుర్తుకొచ్చింది. ఇంకేమీ రాలేదు.

"మంచిగ రాసిందయ్యా."

"మంచిగ ఏం రాసింది?"

సువర్ణ తల వంచుకుంది. చూపులేని మనిషి ముందు తల వంచుకోవడమేమిటో.

"కాయిదం ఉన్నదా?"

ఉంది. నెల రోజులుగా సంచిలో పెట్టుకుని తిరుగుతోంది. మొదట్లో చదివే తీరిక లేదు. సైన్స్ సారు లెటరు తర్వాత చదివే ధైర్యం లేదు.

"నాకు కండ్లు లేకపాయె. నువ్వు సదువు," అన్నాడు నరహరిదాసు. పోగులు వదిలేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. పని మధ్యలో ఆయన చేతులు ఆపడం సువర్ణ ఎప్పుడూ చూడలేదు.

మడతలు విప్పి, తరగతిలో అలవాటైన వేగంతో చదవడం మొదలుపెట్టింది.

"పాఠం గాదు బిడ్డా. మెల్లగ."

మళ్లీ మొదటినుంచి చదివింది.

"మా ఇంట్లో పాత వస్తువు రోలు. అది మా అమ్మమ్మది. మేము ఇప్పటికి ఆరు కిరాయి ఇళ్లు మారాం. మంచం అమ్మాం. టీవీ అమ్మాం. రోలు అమ్మలేదు. ఎందుకంటే దాన్ని ఎవరూ కొనరు."

నరహరిదాసు నవ్వాడు. సువర్ణకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతులో ఉండగానే తరువాతి వాక్యం వచ్చింది.

"పగలు అమ్మ అందులో పచ్చడి నూరుతుంది. రాత్రి దాన్ని తలుపు వెనక్కి నెడుతుంది, మా తలుపుకు లోపల గడియ లేదు కాబట్టి. రోలు నెట్టిన చప్పుడు వినబడితే నేను నిద్రపోతాను. ఆ చప్పుడు వచ్చిందంటే ఇంటికి రావాల్సిన వాళ్లందరూ వచ్చేసినట్టు. నాన్న ఉన్నప్పుడు ఆ చప్పుడు చాలా ఆలస్యంగా వచ్చేది. ఇప్పుడు ఎనిమిదింటికే వస్తోంది. అయినా నాకు నిద్ర రావడం లేదు."

సువర్ణ ఆగిపోయింది. ఆ సాయంత్రం, తాళం వేసిన గది ముందు, వాకిట్లో, ఒక చిన్న రోలు ఉంది. బస్సుల పట్టదన్నరని ఇడిసిపోయిండ్రు, అని ఇల్లుగలామె చెప్పింది కూడా. సువర్ణ ఆ రోలు మీద తన హ్యాండుబ్యాగు పెట్టి, ఫోను తీసి, స్విచాఫ్ అయిన నంబరుకు నాలుగుసార్లు చేసింది. ఇప్పుడు అక్కడ భీవండిలో ఏ తలుపుందో, దాని వెనక ఏం నెడుతున్నారో.

"ఊఁ," అన్నాడు గురువు.

చదివింది. రోలు అంచు ఒకవైపు పగిలిందని, అమ్మమ్మ చెయ్యి ఆనే చోట నున్నగా ఉంటుందని, తను పెద్దయ్యాక గడియ ఉన్న ఇల్లు తీసుకున్నా రోలును మాత్రం పారేయనని ఉంది. ఇంతటితో ముగిస్తున్నాను, అని చదివి కాగితం మడవబోయింది.

"నడుమ ఒక పోగు దప్పినవు బిడ్డా."

చూపులేని మనిషికి ఎలా తెలిసిందో. బహుశా ఊపిరి తేడా విని ఉంటాడు. సువర్ణ కాగితం మళ్లీ విప్పింది. వదిలేసిన వాక్యాలు కళ్లకు అలికినట్టు కనబడుతున్నాయి.

"ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. వ్యాసమైతే మా టీచర్ ఒక్కరే చదువుతారు కదా. అందుకని రాశాను."

కార్ఖానాలో ఎక్కడా చప్పుడు లేదు. తన మీద తనకు ఇంత అసహ్యం సువర్ణకు ఎన్నడూ కలగలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆ పిల్ల ఇగ దొరకదయ్యా," అంది చివరికి. "ఏడని వెతకాలె? దొరికినా నా మొఖం చూస్తదా?"

ఆయన ఇంకా ఆ కాగితం వైపే చెవి పెట్టి ఉన్నాడు.

"అయిపోయిందా సదువుడు?"

"అయిపోయిందయ్యా."

"కింద ఇంకేం లేదా?"

సువర్ణ కొంగుతో కళ్లు తుడుచుకుని చూసింది.

"ఉన్నది. ఎర్ర సిరా."

"అది గూడ సదువు."

రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయి, మూడోసారికి చదివింది.

"ఇది నువ్వు రాసింది కాదు."

నరహరిదాసు తల కొంచెం పక్కకు వంచి విన్నాడు.

"ఆ మాట ఎవలు రాసిండ్రు బిడ్డా?"

సువర్ణ ఆ ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టింది. ముసలాయన చేతులు ఒళ్లోనే పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.