గుమ్మంలో వంతెన

ఓబులేసుకు ఇల్లు చాలలేదు.

గుంతకల్లులో అతనిది వరస ఇల్లు. ముందు వసారా, మధ్యన నడిమిల్లు, వెనక వంటిల్లు. మూడూ రైలు డబ్బాల్లా ఒకదాని వెనక ఒకటి. వీధిలోంచి వంటింట్లోకి పోవాలంటే నడిమిల్లు దాటాల్సిందే. వేరే దారి లేదు. ఆ నడిమింట్లోనే అతను బొమ్మరైలుకు దారి కట్టాలనుకున్నాడు.

మోటార్లకు తీగ చుట్టడం అతని పని. తాగడు, పేకాట ఆడడు, బీడీ ముట్టడు. ఫలానా రోజుకు ఇస్తానంటే ఆ రోజుకు ఇచ్చేవాడు. ఏ చెడ్డ అలవాటూ లేని మనిషికి తనలోని చెడు కనబడటం కష్టం. ఓబులేసుకూ కనబడలేదు.

రైళ్ళ విద్య అతనికి నేర్పినవాడు దాదాపీర్ సాహెబు. లోకో షెడ్డులో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసి దిగిపోయిన ముసలాయన. ఓబులేసు ఆయన్ని ఉస్తాద్ అనేవాడు. రేకు కోయడం, చక్రం సానబట్టడం, చీపురుపుల్లంత పట్టాను వంకర లేకుండా పరచడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఉస్తాద్ తిట్టేవాడు కాదు. పని తప్పితే ఆ ముక్క తీసి పక్కన పెట్టేవాడు. అంతటితో పాఠం అయిపోయేది.

ఉస్తాద్ ఇంట్లో ఒక ఇంజను ఉండేది. మూరెడు పొడవు. పాత ఇత్తడి చెంబులూ పళ్ళాలూ సాగగొట్టి, పదకొండేళ్ళు కూర్చుని చేసింది. చూడటానికి అచ్చం పాతకాలపు పొగబండి. లోపలి మోటారుకు తీగ చుట్టింది మాత్రం ఓబులేసే. దాన్ని చూసినప్పుడల్లా అతను చూపు తిప్పుకోలేకపోయేవాడు.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు.

"ఉస్తాద్, ఇది మీ తర్వాత ఎవరికి?"

ముసలాయన ఇంజను మీద దుమ్ము తుడుస్తూ అన్నాడు.

"ఇది పొట్టి మలుపులో తిరగదప్పా. గది చుట్టూ దారి ఉండాల. అట్లాంటి దారి వేసి, గంటసేపు ఆపకుండా, పట్టా దిగకుండా ఎవరు నడిపితే వాళ్ళది."

ఆ రాత్రే ఓబులేసు నడిమిల్లు కొలిచాడు.

ఎనిమిది నెలలు పట్టింది. నాలుగు గోడల వెంబడీ, మనిషి రొమ్ము ఎత్తున పలకలు బిగించాడు. వాటి మీద దారి పరిచాడు. మట్టి గుట్టలు, రెండు స్టేషన్లు, సిగ్నళ్ళు, అగ్గిపెట్టెంత గ్యాంగుమెన్ల గుడిసెలు. అంతా బాగానే కుదిరింది. అడ్డం వచ్చినవి రెండే, వసారా గుమ్మం ఒకటి, వంటింటి గుమ్మం ఒకటి.

గుమ్మానికొక వంతెన కట్టాడు. రెండు చీలలు లాగితే వంతెన ఊడి చేతికొస్తుంది. కానీ ఒకసారి తీసి పెడితే పట్టా వెంట్రుకవాసి జరిగేది. సరిచేయడానికి పావుగంట. అందుకని ఇంట్లో ఒక నియమం పెట్టాడు. వంతెన తీయకూడదు. ఎవరైనా సరే కిందనుంచి వంగి పోవాలి.

భార్య సుంకమ్మ మొదట్లో ఏదో అనబోయింది.

"నేను వంగడం లేదా?" అన్నాడు.

నిజమే, అతనూ వంగేవాడు. పొద్దున అంగడికి పోయేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు. సుంకమ్మ ఎన్నిసార్లు వంగిందో ఎవరూ లెక్క వేయలేదు. చీపురుతో వంగింది, అన్నం గిన్నెతో వంగింది, చంకన బిందెతో వంగింది. కొన్నాళ్ళకు అనడం మానేసింది. ఆలికి అలవాటైంది కదా అని ఓబులేసు సంతోషించాడు.

చివరికి ఉస్తాద్‌ను పిలిచే రోజు వచ్చింది. ఆదివారం పొద్దున.

"ఈ పొద్దు నీళ్ళొచ్చే దినం" అంది సుంకమ్మ. ఆ వీధిలో కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. వస్తే అరగంట.

"తెలుసు. ఈ పొద్దు మాత్రం వంతెన కిందికి కూడా రావాకు. బిందె తగిలిందంటే ఎనిమిది నెలల పని నేలపాలు. ఒక్క గంట ఆగలేవా?"

"నేను ఆగతా. కొళాయి ఆగతాదా?"

ఓబులేసు విననట్టు పట్టాలు తుడుచుకున్నాడు.

దాదాపీర్ ఇంజనును పాత తువ్వాలలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తెచ్చాడు. గుమ్మంలో ఆగి వంతెన చూశాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఒక చేత్తో గోడ పట్టుకుని మెల్లగా వంగాడు.

"తల జాగ్రత్త ఉస్తాద్. తగిలితే పట్టా కదుల్తుంది" అన్నాడు ఓబులేసు.

ముసలాయన లోపలికొచ్చి నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగి ఇంకోసారి వంతెన చూశాడు. తువ్వాల విప్పి ఇంజనును తన చేత్తోనే పట్టాల మీద పెట్టాడు. ముక్కాలి పీట మీద కూర్చున్నాడు.

ఓబులేసు రెగ్యులేటరు తిప్పాడు. ఇంజను కదిలింది.

అది నడిచిన తీరు చూసితీరాలి. గుట్ట చుట్టూ తిరిగి, స్టేషను దాటి, వసారా గుమ్మం మీద వంతెనెక్కి, మూలమలుపు తిరిగి, వంటింటి గుమ్మం దాటి, మళ్ళీ గుట్ట దగ్గరికి. ఒక చుట్టుకు ముప్పావు నిమిషం. ఎక్కడా కుదుపు లేదు. పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. ఓబులేసు చెయ్యి రెగ్యులేటరు మీదే ఉంది, కళ్ళు గడియారం మీద ఉన్నాయి. ఉస్తాద్ మెచ్చుకుంటాడని చూశాడు. ఆయన చూపు రైలు మీదే ఉంది.

ముప్పై రెండో నిమిషాన వీధిలో కొళాయి బుస్సుమంది.

సుంకమ్మ మూడు బిందెలు నింపి వసారాలో పెట్టింది. ఇంట్లో ఉన్న బిందెలు ఆ మూడే. వాటిని వంటింట్లోని డ్రమ్ములో గుమ్మరిస్తే గాని మళ్ళీ పట్టడానికి లేదు. నాలుగో బిందె లేక కొళాయి నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. ఆమె నిండు బిందె చంకన పెట్టుకుని గుమ్మం బయట నిలబడింది.

పక్కింటి నాగరత్న వీధిలోంచి అరిచింది.

"ఏం సుంకమ్మా, మీ ఇంట్లో గేటు పడిందా? మా తొట్టి నిండిపాయ. నువ్వింకా టికెట్టే తీసుకోలేదే."

"గూడ్సు బండి అక్కా" అంది సుంకమ్మ. "బిరీన పోదు."

వీధిలో ఎవరో నవ్వారు. ఓబులేసు చెవులు వేడెక్కాయి. అయినా అతను గడియారం మీదనుంచి చూపు తిప్పలేదు.

దాదాపీర్ మాత్రం అప్పటిదాకా రైలును చూస్తున్నవాడు గుమ్మం వైపు తిరిగాడు.

"ఎంతసేపయిందమ్మా నిలబడి?"

సుంకమ్మ మొగుడి వైపు చూసింది.

ఓబులేసే చెప్పాడు. "ఇంకా పదకొండు నిమిషాలు, ఉస్తాద్."

ముసలాయన అడిగింది అది కాదు.

ఆయన లేచాడు. మోకాళ్ళు పట్టుకుని వసారా గుమ్మం దాకా నడిచాడు. ఇంజను వంతెన మీదుగా గలగలమంటూ పోయేదాకా ఆగాడు. అది అవతలికి పోగానే చీల ఒకటి లాగాడు. రెండోది లాగాడు. వంతెనను రెండు చేతులా ఎత్తి రొమ్ముకు ఆనించుకున్నాడు.

ఇంజను మూలమలుపు తిరిగింది. వంటింటి గుమ్మం దాటింది.

"ఉస్తాద్" అన్నాడు ఓబులేసు.

దాదాపీర్ ఇంజనును చూడటం లేదు. శిష్యుడిని చూస్తున్నాడు. రెప్ప వేయలేదు.

రెగ్యులేటరు ఓబులేసు చేతికిందే ఉంది. వేలు తిప్పితే చాలు, ఇంజను నిలబడిపోతుంది. నిలబడితే గంట చెడిపోతుంది. గంట చెడితే ఇంజను తనది కాదు. ఉస్తాద్ తన గుండెదిటవు చూస్తున్నాడు, అంతే. పదకొండేళ్ళ కష్టం ఏ మనిషి చేజేతులా పారేసుకుంటాడు? ఆఖరి క్షణంలో వంతెన దించుతాడు. తప్పకుండా దించుతాడు.

ఇంజను గుట్ట చుట్టూ తిరిగింది. స్టేషను దాటింది.

ముసలాయన చేతులు కదల్లేదు.

ఓబులేసు వేలూ కదల్లేదు.

పట్టా అయిపోయిన చోట ఇంజను ముందరి చక్రాలు గాలిలో ఒకసారి గిర్రున తిరిగాయి. తర్వాత బరువంతా ముక్కు మీదికొచ్చి, నాపబండల మీద పడింది. ఆ చప్పుడుకు వీధిలో మాటలు ఆగిపోయాయి. పొగగొట్టం ఊడి మంచం కిందికి దొర్లింది. ఒక చక్రం నేల మీద బొంగరంలా తిరిగి తిరిగి, ఉస్తాద్ కాలి దగ్గర పడిపోయింది.

పడింది తన ఇంజను అయినా ఓబులేసుకు అంత దెబ్బ తగిలేది కాదు. ముసలాయన తన బిడ్డను తానే బావిలో వేసినట్టు నిలబడి ఉన్నాడు.

"మీరు మళ్ళీ దించుతారనుకుంటి, ఉస్తాద్" అన్నాడు.

దాదాపీర్ వంతెనను గోడకు ఆనించాడు.

"నువ్వు ఆపుతావనుకుంటినప్పా" అన్నాడు.

తర్వాత గుమ్మం వైపు తిరిగాడు.

"రామ్మా. నీళ్ళు పోతాండాయి. దారి ఖాళీగా ఉంది."

సుంకమ్మ కదిలింది. గుమ్మం ముందర మోకాళ్ళు మడిచింది. మెడ వంచింది. నీళ్ళు తొణక్కుండా అరచేయి బిందె మూతి మీద పెట్టింది. నడుము సగానికి వంచి, ఏమీ లేని గుమ్మంలోంచి మెల్లగా లోపలికొచ్చి, ఇవతల నిటారుగా లేచింది. ఇత్తడి ముక్కలు తొక్కకుండా పక్కగా అడుగు వేసింది.

ఇద్దరు మగవాళ్ళూ ఆమెనే చూస్తున్నారు. అది ఆమెకు ఎబ్బెట్టుగా తోచి ఆగింది.

"ఏమి?" అంది.

"వంతెన లేదు కదా" అన్నాడు ఓబులేసు. ఆ మాట పెదవి దాటడం కష్టమైంది. "ఎందుకు వంగితివి?"

సుంకమ్మ వెనక్కి తిరిగి గుమ్మం చూసింది. పైనుంచి కిందిదాకా చూసింది. గోడకు ఆనించిన వంతెననూ చూసింది.

"వంగితినా?" అంది.

ఓబులేసు చేయి రెగ్యులేటరు మీదనుంచి జారిపోయింది.

ఆమె బిందె సర్దుకుని వంటింటి గుమ్మం వైపు నడిచింది. అక్కడ రెండో వంతెన ఉంది. ఆమె కంటే ముందు అక్కడికి చేరి చీలలు లాగాలని ఓబులేసు పరుగెత్తాడు.