రాగం దిగేదాకా రోకలి పైనే

పూర్వం ఒక రాజుగారికి గట్టి నియమం ఉండేది. గుళ్లో స్వామికి చలిమిడి నైవేద్యం పెట్టందే ఆయన పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. ఆ చలిమిడికి పిండి దంచేది గురవమ్మా, ఆమె తోడికోడలూ. స్వామి మీద తోచిన పాటేదో పాడుకుంటూ, పాటకు తగ్గట్టు పోటు వేసేవారు.

ఒకనాడు ఆస్థానకవి నరహరి సోమయాజిగారు అది విని చెవులు మూసుకున్నారు.

"స్వామి నైవేద్యం దగ్గర ఛందస్సు లేని ఈ కూతలేమిటి? రేపటినుంచి నా పద్యాలకే దంచండి. లేదంటే వేరే పని చూసుకోండి!"

గురవమ్మకు ఒళ్లు మండింది. పైకి మాత్రం, "చిత్తం బాబూ. అవి మాకు నోరు తిరగవు. తమరే వచ్చి చదవండి. పాదం ముగిసినప్పుడల్లా ఒక పోటు వేస్తాం," అంది.

మర్నాడు కవిగారు రోటి పక్కన పీట వేయించుకుని గొంతెత్తారు. ఆడవాళ్లు రోకళ్లెత్తారు. పాదం చివర కవిగారు రాగం అందుకున్నారు, సాగదీశారు, ఇంకా సాగదీశారు. రోకళ్లు గాల్లోనే ఉన్నాయి.

పొద్దు నడినెత్తికొచ్చింది. ఆకలికి తాళలేక రాజుగారే వచ్చి చూస్తే, రోట్లో నానిన బియ్యం నానినట్టే ఉంది.

"ఇంకా దంచలేదేం?"

"కవిగారి రాగం ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నాం ప్రభూ. మధ్యలో దంచితే పద్యానికి అపచారం కదా!"

"సోమయాజిగారూ, మిగతాది సభలో విందాం," అన్నారు రాజుగారు. "గురవమ్మా, నువ్వు పాడు తల్లీ. స్వామికి ఆకలేస్తోంది!" అంటూ తన పొట్ట పట్టుకున్నారు.