శనిగెల పోచమ్మను ఏటా లేపి చూసే ఆచారం

పట్నం నుంచి వచ్చే కొత్త రింగురోడ్డు దిగి, విల్లాల ప్రహరీగోడ వెంట కొంతదూరం నడిస్తే పాలకంచె గ్రామం వస్తుంది. ఊరికి తూర్పున, ఇంకా మిగిలిన గొర్రెల మేతబీడులో, రేకుల పందిరి కింద శనిగెల పోచమ్మ కొలువై ఉంది. మూరెడు ఎత్తు నల్లరాతి విగ్రహం. అమ్మకు గద్దె లేదు, గచ్చు లేదు. వట్టి మట్టి మీదనే కూర్చుంటుంది. కొత్తవారు దీనిని పేదరికం అనుకుంటారు. కాదు. కారణం తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నందున, విన్నది విన్నట్టు ఈ చిన్న పుస్తకంలో రాసి పెట్టడమైనది.

పూర్వం ఇక్కడ కురుమల ఇళ్లు, వారి మందలు తప్ప మరేమీ లేవు. పట్నం అప్పుడూ పెరుగుతూనే ఉండేది. కోట బయట తోటలు వేసుకునే ధనవంతుల కన్ను ఈ బీడు మీద పడింది. ఆ రోజులలోనే శరభయ్య అనే సాధువు వచ్చి, అమ్మవారు తనకు కలలో కనబడిందని చెప్పాడు. ఆమె ఈ బీడులో భూమి చీల్చుకొని లేస్తుందట. లేచిన చోట గంట కొడితే ఎంతదూరం వినబడుతుందో అంత నేల ఆమెకు విడవాలట. అందులో గొర్రె కాలు పెట్టరాదట. అతడు ఒకచోట పసుపు చల్లి, పొద్దునా సాయంత్రమూ బిందెలతో నీళ్లు పోశాడు. కొన్నాళ్లకు మట్టి పగిలి విగ్రహం తల బయటపడింది, ఆ తరువాత భుజాలు. ఊరంతా సాగిలపడింది. గంట కూడా వచ్చింది. దానిని మోయడానికి ఎడ్లబండి కావలసి వచ్చింది.

ఊరిలో ఐలవ్వ అనే ముసలామె ఉండేది. సొంత అల్లుడు తెచ్చిన పాలలో కూడా వేలు ముంచి చూస్తుందని ఆమెకు పేరు. తన పొట్టేలు పదే పదే ఆ తడిమట్టినే వాసన చూడడం, శరభయ్య ఉలిక్కిపడి దానిని కర్రతో తరమడం ఆమె గమనించింది. తవ్వి చూద్దామంటే ఎవరూ ఒప్పుకోలేదు. "అమ్మ కింద చెయ్యి పెడితే కండ్లు పోతయ్, ఐలవ్వా" అన్నాడు కులపెద్ద బీరప్ప. బీడు పోతే మందలు అమ్ముకొని ఊరు విడవవలసిందేనని ఆయనకూ తెలుసు. అయినా భయపడ్డాడు.

గంట కట్టే రోజు ఉదయం ఐలవ్వ అందరి ముందుకు వచ్చింది.

"నాకు గూడ అమ్మ కలలకొచ్చింది. కింద ఏందో ఒత్తుతున్నది, కూసోలేకపోతున్న, లేపి చూడుండ్రి అన్నది."

"నీకెందుకు కనబడుతుంది, ముసలిదానా?" అన్నాడు శరభయ్య.

"నీకెందుకు కనబడ్డదో నాకూ అందుకే. నా కల అబద్ధమైతే నీ కలను గూడ అడగాలె గద, స్వామీ."

ఒక కలను నమ్మిన ఊరు రెండో కలను కాదనలేకపోయింది. అయినా చెయ్యి పెట్టేవారు లేరు. "పోతే నా కండ్లే పోతయ్ తియ్" అని ఐలవ్వే కూర్చుని మట్టి తోడింది. విగ్రహం కింద వెడల్పు మూతి కుండ, దాని నిండా శనగలు. నీటికి ఉబ్బి, మొలకెత్తి, విగ్రహాన్ని పైకి నెట్టినవి అవే. గొర్రెలు వచ్చి వాటిని తినేశాయి. శరభయ్యను ఎవరు పంపారో తేలలేదు. బండివాడు మాత్రం గంటతో సహా పట్నం వైపే వెళ్లాడు.

కొందరు కోపంతో విగ్రహాన్ని బావిలో వేయబోతే ఐలవ్వ అడ్డుపడింది. "ఆమె ఏం జేసిందిరా? మనలెక్కనే ఆమెను గూడ మోసం జేసిండ్రు." అలా అమ్మ ఇక్కడే నిలిచి, ఆ శనగల పేరుతోనే శనిగెల పోచమ్మ అయింది. ఐలవ్వకు ఆ కల నిజంగా వచ్చిందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నాటి నుంచి ఆషాఢంలో, బోనాలకు ముందు, ఐలవ్వ ఇంటి కోడలు విగ్రహాన్ని పక్కకు దించి మట్టి తోడుతుంది. "ఏమన్న ఉన్నదా?" అని కులపెద్ద అడుగుతాడు. ఊరివారు ఒక్కొక్కరే వంగి చూసి "ఏం లేదు" అనాలి. చూడకుండా అన్నవారిని మళ్లీ పంపుతారు. తరువాతే అమ్మను కూర్చోబెట్టి, నానిన శనగలు ముందు గొర్రెలకు, పిదప భక్తులకు పెడతారు. ఇటీవల పేరు చెప్పని దాత ఒకరు గ్రానైట్ గద్దె కట్టిస్తామని కబురు పంపారు. గద్దె కడితే అమ్మను ఏటా లేపి చూడడం కుదరదని ఊరు వద్దన్నది.

ఆ మట్టి చిటికెడు కొంగున కట్టుకొని వెళ్లినవారు భూమి కాగితాల దగ్గర మోసపోరని ఇక్కడి నమ్మకం. ఈ పుస్తకంలో రాసినది కూడా భక్తులు ఊరికే నమ్మనవసరం లేదు. ఆషాఢంలో వచ్చి, వంగి, స్వయంగా చూసుకోగలరు.