ఎడమవైపు మీట

ఆ మధ్యాహ్నం లోవరాజుకి అన్నం సహించలేదు. క్యారేజీ మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టేశాడు. కుడిచేతి చూపుడువేలి కొసన పప్పుబద్దంత తెల్లమచ్చ ఎండిపోయి ఉంది. పెట్రోలుతో తుడిచాడు. బ్లేడుతో గీకాడు. పోలేదు.

అది జిగురు మచ్చ.

బెజవాడ ఆటోనగర్లో గేర్ల పనంటే మీరావలి ఉస్తాద్ షెడ్డే. లోవరాజు ఆయన దగ్గర పన్నెండేళ్ళుగా పని నేర్చుకుంటూ, చేస్తూ ఉన్నాడు. ఉస్తాద్‌కి మాట పొదుపు. కోపానికి మాత్రం ఆ పొదుపు లేదు. ఒక్క చుట్టు ఎక్కువ బిగించినా నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాడు. ఎవరి మీదైనా మనసు విరిగిందా, ఏళ్ళూ పూళ్ళూ వాళ్ళ మొహం చూడడు.

వల్లభరావుగారి సంగతి అలాంటిదే. ఆయన కంకర క్వారీల ఆసామి. ఆరేళ్ళ కిందట స్పోర్ట్స్ కారు కొన్న కొత్తలో ఈ షెడ్డు ముందే ఆపాడు. ఉస్తాద్ ముచ్చటపడి దాని మీద చెయ్యి వెయ్యబోతే, "ఆగవయ్యా, లారీలు పిసికే చేతులు దీనికి పనికిరావు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అప్పట్నుంచీ ఆ కారు వీధిలోకొస్తే ఉస్తాద్ తల తిప్పుకునేవాడు.

ఆ వల్లభరావుగారే ఈ వారంలో దిగొచ్చాడు. ఆ కారుకి స్టీరింగ్ వెనక చెవుల్లాగా రెండు చిన్న మీటలుంటాయి. పాడిల్స్ అంటారు. కుడిది లాగితే గేరు పెరుగుతుంది, ఎడమది లాగితే తగ్గుతుంది. వాడగా వాడగా వేళ్ళానేచోట పైపూత లేచిపోయింది. ఎడమది నాలుగుసార్లు లాగితే ఒకసారి పలుకుతోంది. ఘాట్ రోడ్డు దిగుతుంటే పై ప్రాణాలు పైనే పోతున్నాయట. కొత్తవి తెప్పిద్దామంటే ఆ రకం రావడమే మానేసింది.

ఉస్తాద్ ఆయన వైపు చూడకుండానే అన్నాడు. "నేను ముట్టను. మా లోవా చేస్తాడు."

ఆయన వెళ్ళాక లోవరాజుని పిలిచాడు. "ఇది బాగుచేసి చూపించరా. పక్క షెడ్డు తాళాలు నీకిస్తా. నువ్వే మేస్త్రీగా కూర్చో."

పన్నెండేళ్ళ నుంచి లోవరాజు ఎదురుచూస్తున్న మాట అది.

మూడు రోజులు నడుం ఎత్తకుండా పనిచేశాడు. లోపల అరిగిన రాగిరేకులు తీసి కొత్తవి కత్తిరించాడు. పూత లేచినచోట నున్నగా రుద్ది మళ్ళీ పూత వేశాడు. కుడిది ముద్దుగా కుదిరింది. నాలుగోనాడు పొద్దున ఎడమది బిగించాలి. పాత ప్లాస్టిక్కుని కాసేపు వేణ్నీళ్ళలో ఉంచి, కాస్త మెత్తబడ్డాకే నొక్కాలని ఉస్తాద్ లెక్క. ఆ పొద్దున వల్లభరావుగారు రెండుసార్లు ఫోను చేశాడు. ఆ తొందరలో లోవరాజు నీళ్ళు పెట్టలేదు. పొడిగానే నొక్కాడు.

మీటని లోపల పట్టి ఉంచే కొక్కెం, గోరంతది, టప్పున విరిగింది.

చెబుదామనే ఉస్తాద్ వైపు రెండడుగులు వేశాడు. సరిగ్గా అప్పుడే ఉస్తాద్ ఒక వాషరు కోసం అవతల ఎవరినో చెడామడా తిడుతున్నాడు. "కళ్ళు నెత్తికెక్కాయారా? ఇన్నేళ్ళు గడ్డి పీకావా ఇక్కడ?" లోవరాజు ఆ రెండడుగులూ వెనక్కి వేశాడు. సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ళు వాడే జిగురు చుక్క వేసి, దాని మీద చిటికెడు వంటసోడా చల్లాడు. అది రాయిలా బిగుసుకుంది. ఆకురాయితో రుద్ది, నల్లరంగు పూసి, బిగించేశాడు. బ్రహ్మదేవుడు దిగొచ్చినా పట్టుకోలేడు.

మూడింటికి ఉస్తాద్ కార్లో కూర్చున్నాడు. అప్పటిదాకా ముట్టని మనిషి. కళ్ళు మూసుకుని కుడి మీట పదిసార్లు లాగాడు. తల ఊపాడు. ఎడమది లాగడం మొదలెట్టాడు. ఏడోసారికి వేలు ఆగిపోయింది.

కళ్ళు తెరిచాడు. మీట వైపు చూడలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డ లోవరాజు చేతి వైపు చూశాడు. లోవరాజు పిడికిలి మూశాడు.

"వేణ్నీళ్ళు పెట్టావా?"

"పెట్టాను ఉస్తాద్."

ఉస్తాద్ తిట్టలేదు. భుజం మీది తువ్వాలుతో వేళ్ళు తుడుచుకుంటూ దిగిపోయాడు. తిడితే బాగుండుననిపించింది లోవరాజుకి.

నాలుగింటికి వల్లభరావుగారు ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని ఇంకో కార్లో వచ్చాడు. ఆ షెడ్డులో పని చేసినవాడే తన చేత్తో కారు తాళం ఇవ్వడం ఆనవాయితీ. లోవరాజు తాళం పట్టుకుని ముందుకి కదిలాడు. ఉస్తాద్ అడ్డంగా అరచెయ్యి చాపాడు. లోవరాజు తాళం అందులో పెట్టేశాడు.

ఆరేళ్ళలో మొదటిసారి ఉస్తాద్ వల్లభరావుగారికి నమస్కారం పెట్టాడు.

"అయ్యా, కారు ఇవాళ ఇవ్వలేను. ఎడమవైపు మీట విరిగింది. నేనే విరగ్గొట్టాను."

"నువ్వా? ముట్టనని భీష్మించుకున్నావుగా?"

"ముట్టాను. తప్పయింది. ఎక్కడున్నా వెతికి ఇంకోటి తెచ్చి వేస్తాను. వారం గడువివ్వండి."

వల్లభరావుగారు స్నేహితుల వైపు తిరిగి నవ్వాడు. "చూశారా? ఆరేళ్ళ కిందటే చెప్పాను ఈ మనిషికి. అవి లారీల చేతులయ్యా అని. అన్నానా లేదా, మీరావలీ?"

షెడ్డంతా సుత్తి చప్పుడు ఆగిపోయింది. ఉస్తాద్ ఏమంటాడోనని అందరూ చూస్తున్నారు. ఒకప్పుడు ఈ మాటలో సగానికే బండిని వీధిలోకి తోయించిన మనిషి.

ఉస్తాద్ తల వంచాడు.

"అన్నారు."

లోవరాజు ఒక అడుగు ముందుకేశాడు. "అయ్యా..." అన్నాడు. అది తనకే వినబడలేదు.

ఉస్తాద్ వెనక్కి తిరక్కుండానే, "లోవా, అయ్యగారికి టీ పట్రా" అన్నాడు.

లోవరాజు వెళ్ళాడు. వెళ్ళమన్నందుకు కాళ్ళు సంబరపడ్డాయి. ఆ సంగతి అతనికి తెలిసింది. టీ కొట్టు దగ్గర నిలబడి ఎవరి మొహమూ చూడలేకపోయాడు. కొట్టువాడు "ఏం లోవన్నా, మేస్త్రీవయ్యావట?" అంటే, వినబడనట్టు గ్లాసులు అందుకున్నాడు.

తిరిగొచ్చేసరికి వల్లభరావుగారు టీకి ఆగకుండా బయల్దేరిపోయాడు. ఉస్తాద్ బల్ల దగ్గర కూర్చుని ఎడమ మీట విప్పి ముందు పెట్టుకున్నాడు. బొటనవేలి గోటితో ఒక్క నొక్కు నొక్కాడు. అతుకు ఊడి, కొక్కెం బల్ల మీద పడింది. ఘాట్ రోడ్డు దాకా కూడా ఆగేది కాదు.

లోవరాజు టీ గ్లాసు ఒకటి ఆయన ముందు పెట్టాడు.

"ఉస్తాద్, అది విరిచింది నేను."

"తెలుసు."

"నీళ్ళు పెట్టలేదు. పెట్టానని అబద్ధం చెప్పాను."

"అదీ తెలుసు."

"నన్ను కొట్టండి. షెడ్డులోంచి తోసెయ్యండి. ఆయన ముందు మీరు తల వంచడమేంటి ఉస్తాద్? ఎవరి తప్పని?"

ఉస్తాద్ టీ తాగాడు. గ్లాసు అంచు తువ్వాలుతో తుడిచాడు. మాట్లాడినప్పుడు ఆ గొంతులో ఎన్నడూ లేని తడి ఉంది.

"పన్నెండేళ్ళు నా దగ్గరున్నావు. 'విరిగింది ఉస్తాద్' అని చెప్పడానికి నీకు నోరు రాలేదు. ఎవరి తప్పంటావురా?"

లోవరాజు చేతిలో ఉన్న మిగతా గ్లాసులు బల్ల మీద పెట్టాడు. చెప్పులైనా తొడుక్కోకుండా రోడ్డెక్కి పరుగెత్తాడు. లారీ ఒకటి అడ్డంగా ఇరుక్కుపోయి, వల్లభరావుగారు వచ్చిన కారు ఇంకా మలుపులోనే ఆగి ఉంది.