పదహారు కళల వరహా

ఒకానొక రాజ్యంలో, వరహాలున్నది ఖర్చు పెట్టుకోవడానికి కాదు, కళ్ళప్పగించి చూసుకోవడానికేనని నమ్మే రాజు ఒకడుండేవాడు. పేరు మకరభూపతి. టంకశాలలో అచ్చు పడగానే, ఏ చేయీ తగలకుండా పట్టుగుడ్డతో ఎత్తి తెచ్చిన బంగారు వరహాలంటే ఆయనకు ప్రాణం. వాటిని కన్నె వరహాలనేవాడు.

చంద్రుడికి ఉన్నట్టే వరహాకూ పదహారు కళలుంటాయని ఆయనే ఒక లెక్క పెట్టాడు. ప్రతి కన్నె వరహానూ చూసి దీనికి పన్నెండు, దీనికి పద్నాలుగు అని తీర్పు చెప్పేవాడు. లేఖకుడు దాన్ని కారణంతో సహా తాటాకు మీద రాసేవాడు.

"నా కన్ను త్రాసులాంటిది. వేయిసార్లు చూసినా ఒకటే మాట" అని రాజు మీసం దువ్వితే సభంతా తలలూపేది. తలలూపడానికే కదా వాళ్ళకు జీతాలు!

పట్టాభిషేకం జరిగి పదేళ్ళు నిండాయని రాజు కొత్త అచ్చు చేయించాడు. ఒకవైపు తన ముఖం, రెండోవైపు ఏనుగు. అచ్చు పనివాడు ముమ్మడాచారి తొలి వరహా కొట్టి, పట్టుగుడ్డలో పెట్టుకుని సభకు తెచ్చాడు. తాతముత్తాతల నుంచీ వాళ్ళది టంకశాల కొలువే.

ఆ పొద్దున ముసురు. పైగా రాజుకు పడిశం. వరహాను అటూ ఇటూ తిప్పి చూసి ముక్కు చీదాడు.

"ఏనుగు తోక దగ్గర ఈ చుక్కేమిటి?"

"తొలి దెబ్బకే అచ్చు చిన్న బీటిచ్చింది ప్రభూ."

"మచ్చ! నా ఏనుగుకు మచ్చ! పదకొండు కళలు, అంతే. ఆ అచ్చు నా కళ్ళముందే పగలగొట్టండి. నువ్వు రేపు తెల్లారేసరికి పెళ్ళాం పిల్లలతో కోట దాటాలి!"

సమ్మెట తెచ్చి అక్కడికక్కడే అచ్చును ముక్కలు చేశారు. ఒక్క చుక్కకు ఇంత శిక్షా అని సభలో ఒక్కరు అడిగితే ఒట్టు.

గుండన్న మాత్రం లేచాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం.

"ప్రభూ, రేపటిదాకా గడువుంది కదా! ఈలోపు ఆచారి కొట్టిన వరహా తెచ్చి తమకు చూపిస్తుంటాను. ఒక్కసారి తమరి నోట పదహారు అని వచ్చిందా, ఆచారి కొలువు ఆచారిదే. రాలేదా, అతనితోపాటు నేనూ మూట సర్దుకుంటాను."

"అయితే నీ మూట ఇప్పుడే సర్దుకో. పందెం!" అన్నాడు రాజు.

ఇంకేముంది, కోటంతా గుప్పుమంది. వంటవాళ్ళు గరిటెలు వదిలేసి కిటికీల దగ్గర మూగారు. ఏనుగులశాలలో మావటివాళ్ళు కూడా ఎన్ని కళలొచ్చాయని ఒకటే ఆరా!

మధ్యాహ్నం, ఇంకా వడ్డనలు కాకముందు, గుండన్న పచ్చపట్టు మీద వరహా తెచ్చాడు. రాజు ఆకలితో నకనకలాడుతున్నాడు.

"ఇదీ అంతే, తోక దగ్గర మచ్చ! తొమ్మిది. తీసెయ్యి!"

వాకిట్లో నిలబడ్డ ఆచారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

బొబ్బట్లతో భోజనం ముగిసి తాంబూలం పండాక, గుండన్న నీలిపట్టు మీద మళ్ళీ తెచ్చాడు.

"తోక దగ్గర ఏదో ఉంది కానీ, కంటికి అడ్డం రావడం లేదు. పద్నాలుగు" అన్నాడు రాజు.

కిటికీల దగ్గర కేక పుట్టింది. ఇంకా రెండే కళలు!

సాయంత్రానికి ముసురు విడిచింది. రాజు పడిశమూ తగ్గింది. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటే గుండన్న ఎర్రపట్టు మీద వరహా పెట్టాడు.

రాజు వంగి చూశాడు. ఇంకా వంగాడు. చటుక్కున సింహాసనం దిగాడు.

"ఆహా! తోక దగ్గర ఈగ! ఈగను తోలుకుంటున్న ఏనుగు! ఎంత సహజంగా చెక్కాడయ్యా! పదహారు! పదహారు కళలూ!"

వంటవాళ్ళు గంతులేశారు. ఆచారి భోరుమన్నాడు.

"పందెం నీదే గుండన్నా. ఏదీ, నాలుగు వరహాలూ వరసగా పెట్టు, తేడా చూద్దాం" అన్నాడు రాజు.

గుండన్న ఎర్రపట్టు మీది వరహాను ఆయన ముందుకు జరిపాడు. "ఇవే ప్రభూ, నాలుగూ."

"వేళాకోళమా?"

"చిత్తం, కాదు. తాటాకులు చదివించండి. నాలుగింటిలోనూ తోక దగ్గర చుక్కుంది. ఆ బీట ఉన్న అచ్చు ఒక్క వరహాయే కొట్టింది. రెండోది కొట్టకముందే తమరే పగలగొట్టించారు."

లేఖకుడు చదివాడు. పదకొండు, మచ్చ. తొమ్మిది, మచ్చ. పద్నాలుగు, ఏదో ఉంది. పదహారు, ఈగ.

రాజు ముఖం కందగడ్డలా అయింది.

"పొద్దుటినుంచీ వరహా మారలేదు ప్రభూ" అన్నాడు గుండన్న మెల్లగా. "మారినవి పడిశమూ, ఆకలీ, బొబ్బట్లూ, ఈ ఎండా. పొద్దున ముసురు లేకపోతే ఆచారికి ఈ ఏడుపే లేదు."

రాజు ఆచారి వంక చూశాడు, వరహా వంక చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. ఫక్కున నవ్వాడు.

"ఆచారీ, తప్పు నాది. కొత్త అచ్చు చెయ్యి. ఆ ఈగను మాత్రం మరిచిపోకు! గుండన్నా, ఈ వరహా నీకే. భద్రంగా దాచుకో."

వారం తిరిగాక రాజు అడిగాడు, "ఏదీ నా పదహారు కళల వరహా?"

"దాంతో పాడిగేదెను కొన్నాను ప్రభూ."

"ఎంత పని చేశావురా! అమ్మినవాళ్ళకు కళల సంగతి చెప్పావా?"

"చెప్పాను. గేదెనమ్మిన అవ్వ అంతా విని, మేలిమి బంగారమేనా అని వరహాను కసుక్కున కొరికి చూసి, గేదె పలుపు నా చేతికిచ్చింది. ఇప్పుడు ఏనుగు వీపు మీద పంటిగాటు కూడా ఉంది. దానికెన్ని కళలు వెయ్యమంటారు?"

రాజు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "అవ్వ కొరికి తీసుకుందంటే పదహారే వెయ్యాలి!" అని, ఆ గేదెకు మేత ఏడాదిపాటు కోటనుంచే పంపించమన్నాడు.